గొడ్డును కట్టేముందు దొడ్డిని వెతకండి

నిన్నటిదాకా గేదె బాగానే ఉంది. ఈ పూట పాలు సగానికి పడిపోయాయి. మేత ముందు నిలబడుతుంది గానీ మూతి పెట్టదు. వీపు విల్లులా వంచి, ముందుకాళ్ల మోచేతులు ఎడంగా పెట్టి నిలబడుతుంది. పడుకునేటప్పుడు మూలుగుతుంది. ఇంట్లో ఒకరు దిష్టి అంటారు, ఇంకొకరు అజీర్తి అని వాము పట్టిస్తారు. కడుపులో మేకు ఉందేమోనన్న అనుమానం చాలామందికి రానే రాదు.

దీని గురించి రాయాలని ఎన్నాళ్లనుంచో ఉంది. చివరికి రాయించింది మాత్రం పల్లె కాదు, హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న సుల్తాన్ బజార్!

పని మీద వెళ్లి, బడీచౌడి వెనుక సందులో తెలిసిన వాళ్లింటికి పోయాను. పాతకాలపు ఇల్లు. వెనుక దొడ్డి ఉంది గానీ ఏళ్ల తరబడి అది తుక్కు గోదాము. స్కూటరు విడిభాగాలు, ఇనుప మంచం, తుప్పు పట్టిన డబ్బాలు, పగిలిన బ్యాటరీ, తలుపుచెక్కలు. డెబ్బై దాటిన ఇంటి పెద్దాయనకు అక్కడ ఒక ఆవును కట్టాలని, పక్కనే నాలుగు మళ్లు ఆకుకూర వేయాలని కోరిక. మనవడు మెటల్ డిటెక్టర్ పట్టుకుని నేలంతా ఊడుస్తున్నట్టు తిప్పుతున్నాడు.

"నిధి ఏమైనా దొరికిందా పెద్దాయనా?" అన్నాను నవ్వుతూ.

"నిధి లేదు గిధి లేదు బిడ్డా. సీలలు. సూడు, డాల్డా డబ్బా నిండింది" అన్నాడాయన.

నిధి అని నేను అడగడంలో తప్పు లేదు. ఆ పేట ఒకప్పుడు రెసిడెన్సీ బజార్. కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దాడి చేసింది అక్కడికి దగ్గరే. పాత నేల కాబట్టి నాణేలు ఉంటాయని ఆశపడేవాళ్లు ఉంటారు. అలాంటివాళ్లు రెండు సంగతులు గుర్తు పెట్టుకోవాలి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఇక ఆశ సంగతంటారా, 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో అధికారులే దగ్గరుండి తవ్వించారు. ఎముకలు, ఇటుకలు బయటపడ్డాయి గానీ నిధి రాలేదు.

మన సంగతికి వద్దాం. ఆవు, గేదె మేతను నాలుకతో చుట్టి లాక్కుంటాయి. నమలకుండానే మింగి, తర్వాత తీరిగ్గా నెమరు వేస్తాయి. మనకైతే అన్నంలో రాయి పంటికి తగులుతుంది. వాటికి ఆ అవకాశం లేదు. గడ్డితోపాటు పోయిన మేకు, తీగముక్క బరువు వల్ల రెండో పొట్టలో చేరతాయి. లోపల తేనెతుట్టెలా గళ్లుగళ్లుగా ఉండే ఈ పొట్ట ఎప్పుడూ ముడుచుకుంటూ, విచ్చుకుంటూ ఉంటుంది. దానికి ముందు ఉదరవితానం, ఆ అవతలే గుండె. మధ్య దూరం కొద్ది అంగుళాలే. పొట్ట ముడుచుకున్నప్పుడల్లా మొన ముందుకు జరుగుతుంది. చూడి నెలలు నిండినప్పుడు, ఈనేటప్పుడు కడుపులో ఒత్తిడి పెరిగి మేకు గుండె పొరలోకి దిగవచ్చు. గంగడోలు నీరు పట్టి వాచి, మెడ నరం ఉబ్బిందంటే వ్యవహారం చాలా దూరం పోయినట్టే. ఆ దశలో గొడ్డు దక్కడం కష్టం.

పశువైద్యులు పొట్ట మీద కూడా మెటల్ డిటెక్టర్ పెట్టి చూస్తారు. అయితే అది లోహం ఉందని చెబుతుంది తప్ప, గుచ్చుకుందో లేదో చెప్పదు. కొన్ని గొడ్ల పొట్టలో ఇనుపముక్క ఏ హానీ చేయకుండా పడి ఉంటుంది. కాబట్టి ఎక్స్‌రే, స్కానింగ్ కావాలి. తొలి దశలోనైతే నోటి ద్వారా అయస్కాంతం వేసి, మందులిచ్చి, ముందుకాళ్లు ఎత్తులో ఉండేలా కట్టి ఉంచుతారు. లొంగకపోతే ఆపరేషన్. ముందుజాగ్రత్తగా ఏడాది దాటిన పెయ్యలకే అయస్కాంతం వేసే పద్ధతీ ఉంది. గొడ్డు బతికినంత కాలం అది పొట్టలోనే ఉండి ఇనుమును పట్టి ఉంచుతుంది. రాగి, అల్యూమినియం ముక్కలు దానికి అంటుకోవు. ఇదంతా డాక్టరు చేతి పని, సొంతంగా మింగించకండి. నగరంలో ఉన్నవాళ్లకు నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దగ్గర మెట్రో ఎక్కితే సుల్తాన్ బజార్ తర్వాతి స్టేషనే.

తుక్కు దొడ్డిలో వెతకడం ఖాళీ చేలో వెతికినట్టు కాదు. యంత్రం అంతా మోతే! 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాను వెతకడానికి టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ ఇలాంటి యంత్రమే తయారుచేసి తెచ్చాడు. తూటా దొరకలేదు. పడక కింది ఉక్కు స్ప్రింగులు యంత్రాన్ని తికమక పెట్టాయంటారు. మన దొడ్డిలోనూ అదే తిప్పలు. కనుక ముందు పైన కనిపించే సామానంతా చేత్తో ఏరి బయట వేయాలి. తర్వాత పాత స్పీకరు అయస్కాంతానికి తాడు కట్టి నేల మీద ఈడ్చాలి. ఇలాంటివి కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే దొరుకుతాయి. పైపైన ఉన్న మేకులు సగం దీనికే వస్తాయి. యంత్రం పని ఆ తర్వాతే.

ఇక్కడొక కిటుకు ఉంది. నాణేల కోసం తిరిగేవాళ్లు ఇనుము మోత వినబడకుండా యంత్రంలో మీట తిప్పుకుంటారు. మనకు కావలసిందే ఇనుము. ఆ మీట తీసేయాలి. పెద్దాయన మనవడు మొదటి రోజంతా ఆ మీట వేసే తిరిగాడట. "ఏం లేదు తాతా, దొడ్డి శుభ్రం" అన్నాడట! మర్నాడు అదే జాగాలో గుప్పెడు సీలలు వచ్చాయి.

నేలను తాడుతో గజం గజం గళ్లుగా విడగొట్టి, ఒక గడి పూర్తయ్యాకే రెండోదానికి పోవాలి. చక్రం చిన్నదైతే పక్కపక్కనున్న ముక్కలు విడివిడిగా తెలుస్తాయి. నేలకు సమానంగా, నెమ్మదిగా, ఒక వరస మీద ఇంకో వరస కాస్త పడేలా తిప్పాలి. మోగినచోట అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చూసి, చిన్న తాపీతో తవ్వాలి. గడ్డపార వేయకండి. పాత ఇళ్లలో కరెంటు తీగ, నీళ్ల పైపు, ఎర్తింగు గుంట ఎక్కడ ఉన్నాయో ముందే అడిగి తెలుసుకోవాలి. చేతికి తొడుగు, కాలికి బూటు తప్పనిసరి. ధనుర్వాతం టీకా వేయించుకుని ఎన్నాళ్లయిందో చూసుకోండి.

పగిలిన బ్యాటరీ పడి ఉన్నచోటు వేరే సంగతి. సీసం గొడ్డు నాకితే విషం, కళ్లు కనిపించకుండా పోయి పళ్లు కొరుకుతుంది. పలకను యంత్రం పడుతుంది గానీ మట్టిలో కలిసిన సీసాన్ని పట్టదు. ఆ మట్టి తీయించాల్సిందే. మట్టి పరీక్ష కాకుండా అక్కడ ఆకుకూర వేయవద్దని పెద్దాయనకు చెప్పి వచ్చాను.

పల్లెలో ఇంత తుక్కు ఎక్కడుంది అంటారా? ప్యాకింగు చెక్క పొయ్యిలో పెడతాం, బూడిద పెంటకుప్పలో పోస్తాం. చెక్కలోని మేకులు ఎరువుతో చేలోకి, అక్కడినుంచి మేతలోకి వస్తాయి. చలిమంటలో టైరు కాలిస్తే తీగలు మిగులుతాయి. గడ్డిమోపు ఇనుప తీగతో కట్టి, ఆ తీగను విప్పకుండానే చాఫ్ కట్టర్‌లో పెట్టేవాళ్లనూ చూశాను. డిటెక్టరు కొనే స్తోమత లేకపోయినా, బూడిదలో ఒకసారి అయస్కాంతం తిప్పడానికి పైసా ఖర్చు లేదు.

మొన్న ఫోన్ చేస్తే పెద్దాయన ఆవును ఇంకా తేలేదన్నాడు. ఇనుప మంచం ఉన్న మూలన ఇంకా మూడు గళ్లు మిగిలాయట.