కమ్మ వేరు, డొక్క వేరు

కోనసీమ పెరట్లో కట్టెల పొయ్యి ఉంటే, కొబ్బరిచెట్టు అందులో నాలుగు పేర్లతో మండుతుంది. ఎండు కమ్మ భగ్గుమని లేచి చిటికెలో ఆరిపోతుంది, రాజేయడానికే పనికొస్తుంది. మట్ట మొదలు కట్టెలా కాసేపు నిలుస్తుంది. చిప్ప నిప్పుకు వేడి ఎక్కువ. డొక్క, అంటే కాయ మీది పీచు తొక్క, పొగ కక్కుతూ నిదానంగా రగులుతుంది, కాగులో నీళ్లకు అదే సరి. ఈ నాలుగింటినీ ఇంగ్లిషులో ‘ఫైర్‌వుడ్’ అని తేల్చేస్తే అది అనువాదం కాదు. వంటచెరకు మాటను తర్జుమా చేసేవారు ముందు చూడాల్సింది ఏ చెట్టుదని కాదు. ఎలా మండుతుంది, ఎలా కొలిచి అమ్ముతారు అని.

జర్మన్ కట్టెల మాటలు ఇందుకు మంచి సాక్ష్యం. ఫెస్ట్‌మీటర్ అంటే సందుల్లేని కలప ఒక ఘనమీటరు. రౌమ్‌మీటర్ అంటే పేర్చిన కట్టెలు, నడుమ ఖాళీలతో సహా ఒక ఘనమీటరు. అందులో అసలు కర్ర సుమారు 0.7 వంతే. రెండింటినీ ‘క్యూబిక్ మీటర్’ అని రాస్తే కొన్నవాడు పదింట మూడు పాళ్లు గాలికి డబ్బు కట్టినట్టే. మన అడితిలో తూకానికి కొన్నా ఇంతే: పచ్చి సరుగుడు బరువులో చాలా భాగం నీరే. పచ్చి, ఎండు అన్న ముక్క వదిలేసిన అనువాదం కొనుగోలుదారును ముంచుతుంది.

ఇంగ్లిషులో హస్క్, షెల్ ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి, కాకపోతే అవి కాయ భాగాలను చెబుతాయి, పొయ్యిలో వాటి పనిని చెప్పవు. గ్యాస్ వచ్చాక ఈ మాటలెందుకన్నది ఇంకో ప్రశ్న. డొక్క ఇప్పుడు పీచుకు పోతోంది, చిప్ప బొగ్గుకు పోతోంది. కొనేవాడు మారాడు గానీ తేడా చెరగలేదు. మూల పదాన్నే ఉంచితే పరాయి పాఠకుడికి ఎలా అర్థమవుతుందన్న సందేహం మాత్రం బలమైనదే. దానికి జవాబు మన మన్యంలోనే ఉంది. 1864లో భారత అటవీశాఖకు తొలి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయిన డీట్రిచ్ బ్రాండిస్ జర్మన్. ఆయన తర్వాత ఆ పదవికి వచ్చిన ష్లిచ్, రిబెన్‌ట్రాప్ కూడా జర్మన్లే. వంతులవారీగా నరికే అడవి ముక్కను వాళ్ల భాషలో ష్లాగ్ అంటారు. ఇంగ్లిషు అటవీ అధికారులు మాత్రం ఫ్రెంచి ‘కూప్’ను వాడారు. అదే గోదావరి మన్యంలో ‘కూపు’ అయి, వెదురు నరికే కూలీ నోట కూడా నిలిచింది. పని తెలిశాక పరాయి మాట అడ్డు కాలేదు.

కాబట్టి కోనసీమ గురించి ఇంగ్లిషులో రాసేవారికి ఒక్క మనవి. డొక్కను డొక్క అనే రాయండి, పక్కనే అది ఎలా మండుతుందో ఒక వాక్యంలో చెప్పండి.