గాలి అలలపై గగనయానం

శీతకాలంలో కైకలూరు సమీపాన ఉన్న ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్ళినవారికి ఒక విశేషం కనిపిస్తుంది. తెల్లవారుజామున గూడబాతులు, అంటే పెలికాన్ పక్షులు, రెక్కలు బలంగా ఆడిస్తూ కొల్లేటి నీటిపై తక్కువ ఎత్తులో ఎగురుతాయి. ఎండ ముదిరేకొద్దీ అవే పక్షులు రెక్కలు చాచి, వాటిని దాదాపు కదపకుండానే వలయాలు తిరుగుతూ పైపైకి సాగిపోతాయి. అంత బరువైన పక్షిని పైకెత్తుతున్నది వేడెక్కి పైకి లేచే గాలి. మధ్యాహ్నం గన్నవరం నుండి బయలుదేరిన విమానాన్ని కుదిపేది కూడా అటువంటి గాలే.

ఏలూరు నుండి గన్నవరం విమానాశ్రయం సుమారు 40 కిలోమీటర్లు. చదువుల కోసం, ఉద్యోగాల కోసం అక్కడ ఢిల్లీ విమానం ఎక్కే యువతీయువకులు నేడు ఎందరో ఉన్నారు. తొలి ప్రయాణంలో విమానం ఒక్కసారిగా ఊగితే ఎంతటివారికైనా గుండె ఝల్లుమంటుంది. ఏ కుదుపు ఎందువల్ల వస్తుందో తెలిస్తే ఆ భయం చాలావరకు తొలగుతుంది. ఏ విషయంలో జాగ్రత్త వహించాలో కూడా తెలుస్తుంది.

నేల నుండి లేచే కుదుపులు

సూర్యుడు కాసే ఎండ ఒకటే అయినా నేలంతా ఒకే తీరున వేడెక్కదు. తాడేపల్లిగూడెంలో రెండవ ప్రపంచయుద్ధ కాలంనాటి రన్‌వే ఉంది. ఎండవేళ అటువంటి గట్టినేల త్వరగా కాగుతుంది. నీరు పెట్టిన వరిచేలు అంత త్వరగా వేడెక్కవు. కొల్లేటి నీరు మరింత నిదానంగా వేడెక్కుతుంది. కాగిన నేలపై గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ ప్రక్కనే చల్లని గాలి క్రిందికి దిగుతుంది. గూడబాతు పైకి లేచే గాలిని వెదకి, అందులోనే తిరుగుతుంది. విమానం మాత్రం లేచే గాలినీ, దిగే గాలినీ కొన్ని సెకన్లలోనే ఒకదాని వెంట ఒకటిగా దాటుతుంది. అందువల్ల గతుకుల బాటపై బస్సు ఊగినట్లు ఊగుతుంది. ఇవి చాలావరకు స్వల్పమైన కుదుపులు. కొన్ని నిమిషాలలో విమానం ఈ పొరను దాటిపోతుంది. ఉదయవేళ నేల ఇంకా వేడెక్కదు కనుక ఆ సమయపు ప్రయాణం సాధారణంగా నెమ్మదిగా సాగుతుంది.

మేఘాలలోని కుదుపులు

వేసవి సాయంత్రాలలో పైకి లేచిన తేమగాలి ఉరుముల మేఘంగా మారుతుంది. శాస్త్రజ్ఞులు దీనిని క్యుములోనింబస్ అంటారు. ప్రయాణికుల విమానాలు సుమారు 10, 11 కిలోమీటర్ల ఎత్తున ఎగురుతాయి. ఈ మేఘం తల అంతకంటె పైకి పెరగగలదు. దాని లోపల గాలి ప్రచండవేగంతో పైకీ క్రిందికీ పోతుంది. వానచినుకులను రాడార్‌పై గుర్తించి పైలట్లు చుట్టుదారి పట్టేది ఇందుకే. 2022 మే 1న ముంబయి నుండి దుర్గాపూర్‌కు వెళ్ళిన విమానం క్రిందికి దిగుతుండగా తీవ్రమైన కుదుపులకు లోనై, అందులోని పదిమందికి పైగా గాయపడ్డారు. విమానం మాత్రం గమ్యస్థానంలో నేలకు దిగింది.

నిర్మలాకాశంలో కుదుపులు

మేఘం లేనిచోట కూడా కుదుపులు ఉంటాయి. శీతకాలంలో ఉత్తర భారతదేశంపై, చాలా ఎత్తున, పడమటి నుండి తూర్పునకు గాలి నదివలె ప్రవహిస్తుంది. దీనిని జెట్ ప్రవాహమంటారు. వర్షాకాలంలో దక్షిణాపథంపై తూర్పు నుండి పడమరకు వీచే మరొక జెట్ ప్రవాహం ఉంది. దానిని లోకానికి తెలియజెప్పిన శాస్త్రజ్ఞుడు తెలుగువాడైన పి. కోటేశ్వరం. ఏలూరు కాలువలో వేగంగా పారే నీరు గట్టు ప్రక్కన మెల్లగా కదిలే నీటిని ఒరుసుకొన్నచోట సుడులు పుడతాయి. జెట్ ప్రవాహపు అంచులలోనూ అట్లే గాలిసుడులు పుడతాయి. అక్కడ చినుకులు ఉండవు కనుక రాడార్‌కు అవి కనబడవు. ముందు వెళ్ళిన విమానాల పైలట్లు చెప్పే మాటలూ, వాతావరణ సూచనలూ మాత్రమే ఆధారం.

భయమెంత? ప్రమాదమెంత?

ఆకాశంలో గాలిలేని గుంతలు ఉన్నాయనీ, విమానం వాటిలో పడిపోతుందనీ కొందరు నమ్ముతారు. అటువంటి గుంతలు లేవు. విమానం ఎదుర్కోవలసి వస్తుందని అంచనా వేసిన గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకొనేలా రెక్కలను నిర్మిస్తారు. కిటికీలోంచి చూసినప్పుడు రెక్క వంగుతున్నట్లు కనబడితే బెదరనక్కరలేదు. అది వంగడానికి వీలుగానే తయారైంది.

ప్రమాదం ఎక్కువగా బెల్టు పెట్టుకోని మనిషికే. 2024 మే 21న లండన్ నుండి సింగపూర్‌కు వెళ్తున్న విమానం మయన్మార్ మీదుగా సాగుతుండగా 4.6 సెకన్లలో 178 అడుగులు క్రిందికి దిగింది. పదివేల మీటర్లకు పైన ఎగిరే విమానానికి అది చిన్న దూరమే. కాని విమానం హఠాత్తుగా క్రిందికి పోయినప్పుడు బెల్టులేని శరీరం జడత్వం వలన ఉన్నచోటనే ఉండిపోతుంది. పైకప్పు వచ్చి తలకు తగులుతుంది. ఆనాడు పదుల సంఖ్యలో గాయపడ్డారు. ఒక వృద్ధుడు మరణించాడు. విమానం బ్యాంకాక్‌లో సురక్షితంగా దిగింది.

కావున బెల్టు గుర్తు వెలిగినప్పుడు మాత్రమే కాక, కూర్చున్నంతసేపూ బెల్టు పెట్టుకొనడం వివేకం. కుదుపులు మొదలైతే వేడి టీ, కాఫీలు చేతిలో ఉంచుకొనరాదు. నడవాలో నిలువరాదు. కుదుపులకు ఎక్కువగా భయపడేవారు రెక్కల దగ్గరి సీటు కోరుకొంటే మేలు. అక్కడ ఊపు కొంత తక్కువ.

గూడబాతు తనను మోసే గాలిని ఎండ తీరునుబట్టి తెలుసుకొంటుంది. ప్రయాణికునికి ఆ నేర్పు లేకపోయినా నడుమున బెల్టు ఉంటే చాలు; ఆ గాలి అలలను అతడు నిశ్చింతగా దాటగలడు.

ప్రశ్నలు

1. ఉదయపు ప్రయాణంకంటె మధ్యాహ్నపు ప్రయాణంలో కుదుపులు ఎక్కువగా ఉండడానికి కారణమేమి?
2. నిర్మలాకాశంలోని కుదుపులను రాడార్ ఎందుకు గుర్తించలేదు?
3. బెల్టు ఆవశ్యకతను పాఠంలోని ఉదాహరణతో వివరించండి.