పద్యంలో పావులూరి లెక్క!

చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ. రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో నాలుగు... ఇలా రెట్టిస్తూ అరవై నాలుగు గడులూ నింపితే మొత్తం ఎన్ని గింజలు? మామూలు క్యాలిక్యులేటర్‌లో ఆ జవాబు పట్టదు. కానీ మన పావులూరి మల్లన పేర చెప్పుకునే ఒక్క పద్యంలో ఒదిగిపోయింది!

పత్తీ మిరపా పండే ఇంకొల్లు ప్రాంతంలో ఉంది పావులూరు. 2022 దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల. ఆ ఊరి పేరే మల్లన ఇంటిపేరు. క్రీ.పూ. 300 ప్రాంతంలో గ్రీకు పండితుడు యూక్లిడ్ అప్పటి జ్యామితినంతా 13 భాగాల గ్రంథంగా కూర్చి తరతరాలకు పాఠ్యపుస్తకం ఇచ్చాడు. తెలుగువాళ్లకు ఆ పని చేసింది మల్లనే. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన 'గణితసారసంగ్రహా'న్ని 11వ శతాబ్దిలో తెనిగించాడు. శాస్త్రమంటే సంస్కృతమే అనుకునే రోజులవి!

ఇంతకీ ఆ పద్యంలో అంకెలు ఉండవు, మాటలే. బాణాలంటే 5, చంద్రుడంటే 1, ఆకాశమంటే 0. వాటిని చివర్నుంచి మొదటికి చదువుకుంటూ వస్తే జవాబు: 1,84,46,74,40,73,70,95,51,615. ఒక్క అంకె కూడా తప్పు పోలేదు.

'తెలుగులో లెక్కలేంటి?' అని మీ పిల్లలు అడిగితే, ముందు చదరంగం బల్ల తీయండి. తర్వాత మల్లన కథ చెప్పండి.