పొరుగు రాష్ట్రములో చిన్న వ్యాపారము: పన్నుల విషయమున రైతులు గమనింపవలసిన అంశములు

పండించిన మిరపను కల్లములోనే అమ్ముటకు బదులు పొడి కొట్టించి, పొట్లములు కట్టి అమ్మిన నాలుగు డబ్బులు మిగులునని పలువురు రైతులు గ్రహించుచున్నారు. వ్యాపారము పెరిగిన కొలది పొరుగు రాష్ట్రపు బజారుమీదకు దృష్టి పోవుట సహజము. జగ్గయ్యపేట ప్రాంతపు రైతుకు కోదాడ దూరపు ఊరు కాదు. 2014 జూన్ 2వ తేదీకి పూర్వము రెండును ఒకే రాష్ట్రములోనివి. నేడు మొదటిది ఆంధ్రప్రదేశ్‌లోను, రెండవది తెలంగాణలోను గలవు. చుట్టరికములు మారలేదు గాని పన్నుల లెక్క మారినది. ఆ లెక్క తెలియక అంగడి తెరచినవారు వచ్చిన లాభమును జరిమానాల పాలు చేసికొందురు.

సరిహద్దు దాటిన పన్ను తగ్గునా?

తగ్గదు. 2017 జూలై 1వ తేదీకి పూర్వము ఒక్కొక్క రాష్ట్రము అమ్మకపు పన్నును తన రేటు ప్రకారము విధించుచుండెడిది. జి.ఎస్.టి. వచ్చిన పిమ్మట ఒక సరుకుపై రేటు దేశమంతటను ఒక్కటే. కారపు పొడిపై ఇది నూటికి 5 రూపాయలు. లక్ష రూపాయల పొడిని ఆంధ్రప్రదేశ్‌లోనే అమ్మిన కేంద్రమునకు 2,500, రాష్ట్రమునకు 2,500 రూపాయలు చెల్లును. అదే పొడిని కోదాడ వర్తకునికి పంపిన ఐ.జి.ఎస్.టి. అను పేర 5,000 రూపాయలు చెల్లును. మొత్తము ఒక్కటే. భేదము రేటులో లేదు, నియమములలో గలదు.

మీరు రైతా, వ్యాపారా?

స్వంతముగా గాని, కుటుంబసభ్యులతో గాని, తన పర్యవేక్షణలో కూలీలతో గాని సేద్యము చేసి, తన పొలములో పండిన పంటను అమ్ముకొను రైతు జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ పొందనక్కరలేదు. పొడి కొట్టి పొట్లములు కట్టి అమ్మినను, ఇరుగుపొరుగు పంట కొని అమ్మినను మీరు వ్యాపారి క్రిందనే లెక్క. రైతులు కలిసి పెట్టుకొన్న కంపెనీకి కూడ పై మినహాయింపు వర్తింపదు.

సరుకు పంపుట వేరు, అంగడి తెరచుట వేరు

సరుకు మాత్రమే అమ్ము వ్యాపారికి ఆంధ్రప్రదేశ్‌లో సాలుకు 40 లక్షల రూపాయల అమ్మకము దాటువరకు రిజిస్ట్రేషన్ అక్కరలేదు. తెలంగాణలో ఈ పరిమితి 20 లక్షలే. రెండు రాష్ట్రములలోను వ్యాపారమున్న యెడల అమ్మకములను కలిపి లెక్కింతురు. అయితే పన్ను గల సరుకును జగ్గయ్యపేటనుండి కోదాడకు అమ్మిన, అది ఒక్క బస్తాయే అయినను, ఈ పరిమితులు పనిచేయవు. మొదటి అమ్మకమునుండియే రిజిస్ట్రేషన్ ఉండవలెను. కాని అది ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కటి ఉన్న చాలును.

కోదాడలో అంగడి గాని, గిడ్డంగి గాని తెరచి అచటనుండి అమ్మదలచిన తెలంగాణలో వేరుగా రిజిస్ట్రేషన్ పొందవలెను. పాన్ ఒకటే అయినను జి.ఎస్.టి. సంఖ్యలు రెండు: ఆంధ్రప్రదేశ్ సంఖ్య 37తోను, తెలంగాణ సంఖ్య 36తోను ప్రారంభమగును. రిటర్నులును వేర్వేరుగా దాఖలు చేయవలెను.

మీ మిల్లునుండి మీ అంగడికే సరుకు పంపినను చట్టము దానిని ఒకరు మరియొకరికి ఇచ్చినట్లే భావించును. బిల్లు వ్రాసి ఐ.జి.ఎస్.టి. చెల్లింపవలెను. ఆ పన్నును కోదాడ అంగడి అమ్మకపు పన్నులో తగ్గించుకొనవచ్చును. నష్టము లేదు గాని, సరుకు అమ్ముడుపోకముందే చేతి సొమ్ము కట్టవలసి వచ్చును. మిల్లు ఖర్చులపై ఆంధ్రప్రదేశ్‌కు కట్టిన రాష్ట్రపు పన్నును తెలంగాణ రాష్ట్రపు పన్నుకు సరిపెట్టుటకు వీలులేదు. ఇవిగాక వృత్తిపన్ను, మార్కెట్టు రుసుము ఆయా రాష్ట్రముల చట్టముల ననుసరించి యుండును.

నూటికి రూపాయి పద్ధతి

సాలుకు కోటిన్నర రూపాయల లోపు అమ్మకము గల చిన్న ఉత్పత్తిదారులు, వర్తకులు కాంపొజిషన్ పద్ధతిలో నూటికి ఒక రూపాయి మాత్రమే చెల్లింపవచ్చును. లెక్కల బాధ తక్కువ. కాని ఈ పద్ధతిలో నున్నవారు పొరుగు రాష్ట్రమునకు సరుకు అమ్మరాదు. తమ స్వంత అంగడికి పంపుటయు ఇందులోనికే వచ్చును. ఇతర రాష్ట్రములనుండి సరుకు కొనుటకు మాత్రము ఆటంకము లేదు.

రవాణా

రాష్ట్రము దాటు సరుకు విలువ 50,000 రూపాయలు మించిన ఇ-వే బిల్లు ఉండవలెను. ఈ నియమము 2018 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులో నున్నది. సరిహద్దున చెక్‌పోస్టు లేదుగదా యని ఉపేక్షింపరాదు. దారిలో ఎచటనైనను బండిని ఆపి చూడవచ్చును. పత్రము లేక పట్టుబడిన పన్ను గల సరుకును విడిపించుకొనుటకు పన్నుకు రెండింతలు జరిమానా కట్టవలసి వచ్చును.

ముందుగా తేల్చుకొనవలసినవి

1. కోదాడలో నిలకడగా కొను వర్తకులున్నారా? ఉన్నచో అంగడి తెరువక సరుకు పంపుటయే సులభము.
2. రెండవ చోట లెక్కలు వ్రాయుటకు, రిటర్నులు వేయుటకు అగు ఖర్చు, అంగడి అద్దె పోను మిగులు ఎంత?
3. అంగడి అద్దెదైన యెడల ఒప్పంద పత్రము, యజమాని హక్కును చూపు కాగితము సిద్ధముగా నున్నవా?

జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వ రుసుము లేదు. అయితే అంగడి మూసినప్పుడు రిజిస్ట్రేషన్ రద్దుకు దరఖాస్తు పెట్టుట మరువరాదు. అమ్మకము లేకున్నను రిటర్ను వేయవలసియే యుండును, వేయనియెడల ఆలస్యపు రుసుము పెరుగుచుండును. విత్తుటకు ముందు నేలను పరీక్షింతుము గదా! అట్లే పొరుగు రాష్ట్రములో అంగడికి బయానా ఇచ్చుటకు ముందు ఒక ఆడిటరుతో కూర్చుండి ఈ లెక్క వేసికొనుడు.