దారపు బంతిలోని లెక్క

క్రిస్మస్ వచ్చిందంటే మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో చర్చీల ముందు, ఇండ్ల ముందు నక్షత్రాలు వెలుగుతాయి. క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే దారపు బంతిని మాత్రం మనమే అల్లుకోవచ్చు. కావలసినవి ఎర్ర దారం, కొక్కెం సూది, పిడికెడు దూది.

మొదట ఉచ్చు వేసి అందులో 6 కుట్లు అల్లాలి. తర్వాతి వరుసల్లో 12, 18, 24. ఈ ఆరు ఎక్కడిది? పొట్టి కుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం. వ్యాసార్థం ఒక కుట్టంత పెరిగితే చుట్టుకొలత 2π, అంటే సుమారు 6.28 కుట్లు పెరుగుతుంది. అందుకే వరుసకు ఆరేసి పెంచితే బిళ్ళలా పరుచుకుంటుంది. పెంచడం ఆపితే గిన్నెలా వంగుతుంది. 24తోనే నాలుగైదు వరుసలు అల్లి, 18కి తగ్గించాక దూది కూరాలి. మరీ కుక్కితే కుట్లు విచ్చి దూది కనబడుతుంది. 12, 6కు తగ్గించి మూతి బిగిస్తే బంతి సిద్ధం!

తెలుగునాట ఈ అల్లికకు పేరు నరసాపురం. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడి స్త్రీలకు నేర్పారు. ఎగుమతి సరుకు అల్లే ఆ స్త్రీలను కార్మికులుగా గాక, తీరికవేళ అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టారని జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982 నాటి పుస్తకంలో చూపింది. మాది సేద్యపు కుటుంబం. పొలంలో ఆడవాళ్ళ చాకిరీని "ఇంట్లోవాళ్ళే గదా" అని కొట్టిపారేయడం నాకు కొత్త కాదు.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అల్లే చేతులకూ తగిన కూలి దక్కాలి.

మిత్రులారా, ఒక్క బంతి అల్లి చూడండి, పట్టిన గంటలు లెక్కపెట్టండి. అంగట్లో బేరమాడేటప్పుడు ఆ లెక్క యాదికి తెచ్చుకోండి.