నర్సు లేని ఇంట్లో నర్సింగ్ సహాయకురాలు

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని పెరిగిన హైదరాబాదు తార్నాకలో, విశ్వవిద్యాలయంలోనూ చుట్టుపక్కల జాతీయ పరిశోధన సంస్థల్లోనూ ఉద్యోగాలు చేసి విరమించిన వారి ఇళ్లు చాలా ఉన్నాయి. పిల్లలు పరదేశంలోనో నగరపు పడమటి కొసనున్న ఐటీ కంపెనీల దగ్గరో స్థిరపడిన ఇంట్లో, పక్షవాతంతోనో మతిమరుపు వ్యాధితోనో తుంటి ఎముక విరిగో పెద్దవారు మంచం పడితే, వారి ఆలనాపాలనా జీతానికి వచ్చే మనిషి చేతికి వస్తుంది. ఇంటివారు ఆమెను ఆయమ్మ అంటారు, పంపించే బ్యూరో కేర్‌టేకర్ అంటుంది, ప్రభుత్వ నైపుణ్య శిక్షణలో ఆ ఉద్యోగం పేరు జనరల్ డ్యూటీ అసిస్టెంట్. వైద్యశాస్త్ర పరిభాషలో ఆమె నర్సింగ్ సహాయకురాలు. సహాయకురాలు అన్నప్పుడు పైన ఒక నర్సు ఉండి తీరాలి. ఈ ఇళ్లలో చాలావాటిలో లేనిది ఆ నర్సే.

దీర్ఘకాలిక సంరక్షణ అంటే జబ్బును నయం చేయడం కాదు, నయం కాని స్థితిలో మనిషి రోజు సవ్యంగా గడిచేలా చూడడం. 1963లో సిడ్నీ కాట్జ్ అనే అమెరికన్ వైద్యుడు తన సహచరులతో కలిసి ఒక మనిషి ఇతరులపై ఎంత ఆధారపడ్డాడో కొలవడానికి ఆరు పనులను ఎంచుకున్నాడు: స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డి వాడకం, మంచం నుంచి కుర్చీకి మారడం, మలమూత్రాల అదుపు, తిండి. వైద్యులు రోగిని అంచనా కట్టడానికి వాడే ఈ పట్టికే సహాయకురాలికి రోజంతా చేసే పని.

బయటివారికి ఇది ఒట్టి చాకిరీలా కనిపించవచ్చు గాని, రోగిని పక్కకు తిప్పే ఒక్క పనిని దగ్గరగా చూస్తే అందులోని విద్య తెలుస్తుంది. కదలలేని వారికి ఎముక పొడుచుకువచ్చే చోట్ల, అంటే నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద, శరీర బరువుకు రక్తప్రసారం ఆగి పుండ్లు పడతాయి కనుక, సాధారణంగా రెండేసి గంటలకు భంగిమ మార్చాలి. మార్చేటప్పుడు చంకల్లో చేతులు వేసి లాగితే ఒరిపిడికి చర్మం చిట్లుతుంది కాబట్టి, నడుము కింద అడ్డంగా పరిచిన దుప్పటిని ఇద్దరు చెరో అంచు పట్టుకొని ఎత్తి జరపాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కినా తెల్లబడకపోతే అది పుండుకు తొలి మెట్టని తెల్ల చర్మాన్ని చూసి రాసిన పుస్తకాలు చెబుతాయి. చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు కంటికి ఆనదు, అందుకే వేడినీ గట్టిదనాన్నీ చేత్తో తడిమి పసిగట్టడం ఆమెకు తెలిసి ఉండాలి.

తినిపించడమూ అంతే. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనే ఉంది. ఎవరికి ఎంత మాంసకృత్తు కావాలో అది చెప్పగలదు గాని, ఆ ముద్ద గొంతు దిగేలా చూసేది ఈమె. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తట్టే అలవాటు మనది. పక్షవాతం వచ్చినవారికి మాత్రం అది తిండి ఊపిరితిత్తుల్లోకి దిగుతోందనే సూచన, న్యుమోనియాకు దారి. అందుకే నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త దించి, చిన్న ముద్దలు పెట్టాలి, తిన్నాక అరగంట వరకూ పడుకోనివ్వకూడదు.

ఆమె చేయకూడనివీ ఉన్నాయి. బీపీ, జ్వరం చూసి రాయవచ్చు, మూత్రపు సంచి నిండితే ఖాళీ చేయవచ్చు. ఇంజెక్షన్ ఇవ్వడం, ముక్కులో గొట్టం వేయడం, మందు మోతాదు మార్చడం నర్సు పనులు. ఆసుపత్రి వార్డులో పిలిస్తే పలికే దూరంలో నర్సు ఉంటుంది కాబట్టి ఈ గీత నిలుస్తుంది. ఇంట్లో మాత్రం అర్ధరాత్రి షుగర్ పెరిగితే, ఫోనులో అమెరికా నుంచి కొడుకు చెప్పినట్టు ఇన్సులిన్ సూది పట్టుకోవలసింది ఆమే; పొరపాటు జరిగితే మాట పడేదీ ఆమే.

అమెరికాలో 1987 నాటి చట్టం నర్సింగ్ హోముల్లోని సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణనూ పరీక్షనూ తప్పనిసరి చేసి, వారి పేర్లను రాష్ట్ర పట్టికలోకి ఎక్కించింది. మన దేశంలో 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టాన్ని ఏఎన్ఎం మొదలు పై అర్హతలున్న వారికే వర్తించేలా రూపొందించారు. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు ఉన్నా ఇళ్లలో పనికి కుదరడానికి అది తప్పనిసరి కాదు. కొరత శిక్షణ ఒక్కదానిదే అనుకోవడం పొరపాటు. బాగా నేర్చుకున్న సహాయకురాలికైనా తాను గమనించింది చెప్పుకోవడానికి, చెప్పింది విని నిర్ణయం తీసుకోవడానికి ఒక మనిషి కావాలి. ఒకే కాలనీలోని పది ఇళ్లు కలిసి వారానికి రెండుసార్లు వచ్చే నర్సును కుదుర్చుకోవడం అసాధ్యమేమీ కాదు.

అంతవరకూ మిగిలే ఆధారం, 12 గంటల డ్యూటీ మారేటప్పుడు ఒకరు రాసి మరొకరు చదివే నోటు పుస్తకం. ఎన్నిసార్లు పక్కకు తిప్పారు, ఎంత తిన్నారు, మూత్రం రంగు ఎలా ఉంది, నిన్న పలికిన మనిషి ఇవాళ ఎందుకు ముభావంగా ఉన్నారు అన్నవన్నీ వేళలతో సహా అందులో ఉంటాయి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు స్కానింగ్ కాగితాలతో పాటు ఆ పుస్తకాన్నీ సంచిలో పెట్టుకోవాలని మాత్రం ఇంటివారికి తరచూ తట్టదు.