ఇంటి కాంట్రాక్టులో మన భాగం ఎంత?

ఇళ్ళ నిర్మాణంలో ‘భాగస్వామ్యం’ అంటే ఉత్త మంచిమాట కాదు. కట్టించేవాళ్ళు, కట్టేవాళ్ళు, అందులో కాపురముండేవాళ్ళు మొదట్నుంచీ కలిసి కూర్చుని ధర, గడువు, నాణ్యత తేల్చుకోవాలి. లెక్క అందరి ముందూ ఉండాలి. నష్టమొస్తే అందరూ మోయాలి. బ్రిటన్‌లో 1994 నాటి లాథమ్ నివేదిక, 1998 నాటి ఈగన్ నివేదిక తర్వాత పేదల ఇళ్ళు కట్టే సంస్థలు చాలావరకు ఈ దారి పట్టాయి. అందరికన్నా తక్కువ టెండరు వేసినవాడికి పనిచ్చి, ఆ తర్వాత తగువులాడుకునే అలవాటు మానుకోవాలన్నది ఆ నివేదికల సారాంశం. మరి రావులపాలెం పేటల్లో ఉండే మనకి ఈ భాగస్వామ్యం ఎంత దక్కింది?

ముందడుగు పడలేదని మేము అనడం లేదు. దళితులు, ఆదివాసులు, వెట్టి నుంచి విడుదలైనవాళ్ళ కోసం 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన, కాంట్రాక్టరుకి చోటు లేదని నిబంధనల్లోనే రాసుకుంది. ఎవరిల్లు వాళ్ళే కట్టుకోవాలంది. తాపీపని, సెంట్రింగు పని, మట్టిపని చేసేవాళ్ళు మనలోనే ఉన్నారు కాబట్టి కాంట్రాక్టరు లాభం ఇంటికే మిగిలే వీలు కలిగింది.

2020 డిసెంబరు 25న తూర్పు గోదావరి జిల్లా కొమరగిరిలో మొదలైన ‘పేదలందరికీ ఇళ్ళు’ పథకం మూడు దారులు చూపింది. సామాను ప్రభుత్వమిస్తే కట్టుకోవడం ఒకటి. మనమే కొనుక్కుని, పని సాగినకొద్దీ బిల్లు తీసుకోవడం రెండోది. ప్రభుత్వమే కట్టించడం మూడోది. పల్లెల్లో సెంటున్నర స్థలం, ఇంటికి 1,80,000 రూపాయలు. ఎంచుకునే హక్కు మనదే అన్నారు. కానీ ధర నిర్ణయించేటప్పుడు మనల్ని అడిగిందెవరు?

మెట్ట నేలకీ, డెల్టా పల్లపు చేలకీ ఒకటే ధర. ఇక్కడ పునాది లేపాలి, లోపల మెరక పోయాలి. ఇనుము రేటు పెరిగినా, మేస్త్రి కూలి పెరిగినా ఆ తేడా ఇంటి ఆడమనిషి నెత్తినే పడుతుంది. డ్వాక్రా సంఘం పేరున ఇప్పించిన 35,000 అప్పూ ఆమే తీర్చాలి. పూర్తికాని ఇళ్ళకి 2025లో ఎస్సీ, బీసీలకు 50,000, ఎస్టీలకు 75,000 అదనంగా ప్రకటించారంటే, పాత ధర చాలలేదని ఒప్పుకున్నట్టే. మూడో దారిలో ఇంకో చిక్కుంది. ఒప్పంద పత్రం ఇంటివాళ్ళ చేతిలో లేకపోతే, పని మధ్యలో ఆగినప్పుడు నిలదీయడానికి ఆధారమేముంది?

అంటే బరువులో మనం భాగస్వాములం, నిర్ణయంలో కాదు. ఈ లోపం మనకొక్కరికే లేదు. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. భద్రత గురించి అక్కడ కాపురముండేవాళ్ళు అంతకుముందే చేసిన హెచ్చరికలు ఎవరూ చెవిన పెట్టలేదు.

జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామన్నందుకే 2022 మేలో అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. అలాంటి చోట పేట మనిషి ఒంటరిగా వెళ్ళి ఇంజనీరునో, కాంట్రాక్టరునో లెక్క అడగడం తేలిక కాదు. గుంపుగా అడగాలి. కేరళలో పని దక్కని కూలీలు 14 మంది, వాగ్భటానందుని ప్రేరణతో, 1925లో ఊరాళుంగల్ సహకార సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం ఇవాళ పెద్ద పెద్ద రోడ్లు, భవనాలు కాంట్రాక్టు పడుతోంది. కూలీగా కాక, పనికి యజమానిగా నిలబడటమంటే అదీ.

కాబట్టి కార్యకర్తలకి మేము చెప్పేది ఇది. కాలనీలో పదేసి ఇళ్ళు ఒక జట్టు కట్టండి. ఎస్టిమేటు తెలుగులో ఇవ్వమని అడగండి. ఏ దశకి ఎంత బిల్లయ్యిందో ఎం-బుక్‌లో చూపించమనండి. ఒప్పందంలో మన సంతకం, మన చేతిలో ఒక కాపీ ఉండాలనండి. డెల్టా నేలకి వేరే ధర కావాలని గ్రామసభలో తీర్మానం పెట్టించండి. ఇవి దక్కనంతకాలం భాగస్వామి అనే పేరు కాగితం మీదే ఉంటుంది, అప్పు మాత్రం ఇంట్లో ఉంటుంది.